గెడ్డలో పడి లేచినోడు: ఓ ఆరంగుళాల బొమ్మ డైరీ

మే 25, ఆదివారం

అటక మీద సామాను దింపుతుంటే పాత బిస్కెట్ల డబ్బాలో నా చిన్నప్పటి జి.ఐ.జో దొరికాడు. తొంభైల్లో ఫన్‌స్కూల్ వాళ్ళు అమ్మినవి, మూడు ముప్పావు అంగుళాల బొమ్మ, చేతిలోకి తీసుకోగానే నడుం దగ్గర రెండు ముక్కలైపోయాడు పాపం. కంగారు పడక్కర్లేదులెండి, ఈ బొమ్మల లోపల ఛాతీనీ కాళ్ళనీ కలిపి లాగిపట్టే చిన్న నల్ల రబ్బరు రింగు ఒకటి ఉంటుంది, ఇన్నేళ్ళకి అది ఎండిపోయి తెగిపోతుంది, వీపు మీద స్క్రూ విప్పి కొత్త రింగు వేస్తే మళ్ళీ లేచి నిలబడతాడు. పంపుల సామాన్ల షాపులో సరిపోయే రింగు దొరికింది, వేశా, నిలబడ్డాడు. వాడికి మాత్రం రంగు వేయను. బొటనవేలు విరిగి, మొహం మీద రంగు సగం పోయి ఉన్నాడు, కానీ అది నేను ఆడి ఆడి పోగొట్టిన రంగు కదా, దాని మీద ఇప్పుడు నేనే మళ్ళీ పెయింట్ కొడితే ఏం బాగుంటుంది.

కానీ చేతులు ఊరుకోవడం లేదు. సాయంత్రం మా విశాఖలోని పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి రెండు ఆరంగుళాల బొమ్మలు తెచ్చా, ఒక సోల్జరు, ఒక రోబో, రెండూ కలిపి 350. కంపెనీకి పేరూ ఊరూ లేదు. సోల్జరు మొహం కొత్త సబ్బు బిళ్ళలా గులాబీ రంగు, ఒక కన్ను సరిగ్గానే ఉంది, రెండోది కనుబొమ్మ మీద ప్రింటైంది. మనకి కావాల్సింది ఇలాంటివే, పాడైనా ఏడుపు రాదు.

ప్లాన్ ఏంటంటే రోబోని తుప్పు పట్టించాలి, అది ప్రాక్టీసుకి. సోల్జర్ని షిప్‌యార్డ్ పెయింటర్ గా మార్చాలి, అది అసలు ప్రాజెక్టు. ఎందుకంటే మా నాన్న షిప్‌యార్డ్ లో పెయింటింగ్ సెక్షన్ లో చేసి రిటైరయ్యారు. మా ఇల్లు మల్కాపురం, సింధియా జంక్షన్ దగ్గరే. ఆ సింధియా అన్న పేరు కూడా 1941లో ఇక్కడ యార్డు మొదలుపెట్టిన ఓడల కంపెనీదే, అదే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, కంపెనీ పోయినా బస్టాపుకి మాత్రం పేరు మిగిలింది. నాన్నకి ఇంకా చెప్పలేదు, అయిపోయాక చూపించి సర్‌ప్రైజ్ ఇద్దామని. (ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత నవ్వుకోవచ్చు.)

జూన్ 1, ఆదివారం

ఈ రోజంతా తోముడే, ఒక్క చుక్క రంగు కూడా వేయలేదు.

ముందు బొమ్మ ఏ ప్లాస్టికో చూసుకోవాలి. గట్టిగా టకటకలాడే ఒళ్ళూ కాళ్ళూ ఏబీఎస్, మెత్తగా వంగే తల, అరచేతులు, బెల్టు పీవీసీ. ఈ తేడా తెలీకుండా పోయినేడు మా అక్క కొడుకు డైనోసార్ మీద మామూలు స్ప్రే డబ్బా కొట్టేశా, పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి సరుకు మెల్లగా పైకి ఊరి పెయింట్ లో కలుస్తుంది, ఇంక అది ఆరదు అంటే ఆరదు. ఇప్పటికీ దాన్ని పట్టుకుంటే వేలిముద్ర పడుతుంది, ఇంట్లో దుమ్మంతా దాని మీదే. అందుకే ఈసారి మెత్తటి భాగాలకి అక్రిలిక్ ఒక్కటే, అదీ బ్రష్ తోనే.

ఫ్యాక్టరీ రంగు తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్ ముంచి రుద్దడమే. సోల్జరు మొహం పది నిమిషాల్లో ఖాళీ అయిపోయింది, మూడో కన్ను గొడవ వదిలింది. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగి జిగురైపోతుంది, రంగుతో పాటు ముక్కు కూడా వచ్చేస్తుంది.

చేతులూ తలా ఊడదీయాలంటే వేడినీళ్ళు. స్టవ్ మీద నీళ్ళు కాచి దింపి, అందులో ఒక నిమిషం ముంచి తీస్తే కీలు మెత్తబడి తనంతట తనే వస్తుంది, చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా లాగితే లోపలి పుల్ల విరుగుతుంది. అమ్మ వంటింట్లోకి వచ్చి గిన్నెలో తేలుతున్న తలకాయని చూసి ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ తో, పాత టూత్‌బ్రష్ తో అన్ని ముక్కలూ కడిగి ఆరబెట్టా, అచ్చులోంచి బొమ్మ ఊడి రావడానికి రాసే జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు.

కీళ్ళ దగ్గర కాగితం మందం కూడా ఖాళీ ఉండదు. అక్కడ పెయింట్ వేసి కాలు తిప్పితే గీసుకుపోయి లోపలి ప్లాస్టిక్ బయటపడుతుంది. అందుకని 400 నంబరు సాండ్‌పేపర్ తో కీలు లోపలి వైపు కొంచెం అరగదీసి, 1000తో నున్నగా చేశా. సోల్జరుకి రెండు వైపులా చేశా. రోబోకి బద్ధకం వేసి వదిలేశా.

ఎం-సీల్ తో హెల్మెట్ మార్చా, ఆర్మీ హెల్మెట్ అంచులు కోసేసి, ముందు చిన్న చూరు పెట్టి, పైన గట్టు తీస్తే సేఫ్టీ హెల్మెట్ అయింది. మిగిలిన ముద్దతో మీసం. అది ఆరేలోపు తడి చేసిన టూత్‌పిక్ తో వెంట్రుకల గీతలు గీయాలి, ఆలస్యమైతే రాయి. తుపాకీ పీకేసి దాని బదులు రీఫిల్ ముక్క, గుండుసూది, పాత ఇయర్‌ఫోన్ వైరు కలిపి స్ప్రే గన్నూ దాని పైపూ చేశా. ఇయర్‌ఫోన్ వైరు మందం అచ్చం సరిపోయింది.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ కి వెళ్ళా, చేపలకి కాదు, తుప్పుకి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్ కదా, ఇంకో వారంలో వదిలేస్తారు, బోట్లన్నీ ఒకదానికొకటి ఆనించి కట్టేసి ఉన్నాయి, ఎక్కడ చూసినా రిపేర్లూ రంగులే. ఒక బోటు సగం దాకా కొత్త నీలం వేసి మధ్యాహ్నానికి ఆపినట్టున్నారు, మిగతా సగం పాతదే, అదే బోటు కొత్తదీ పాతదీ పక్కపక్కన. నాకు ఇంతకన్నా మంచి పుస్తకం ఎక్కడ దొరుకుతుంది. ఫోన్ లో 140 ఫొటోలు. బోటు మీద కూర్చుని వల కుడుతున్న ఒక పెద్దాయన "ఏటి బాబూ, తుప్పుకి ఫొటోలు తీత్తన్నావు, కొంటావేటి బోటు" అన్నాడు.

చూసిందంతా మర్చిపోకుండా రాసుకుంటున్నా. తుప్పు అనగానే మనం ఆరెంజ్ పూసేస్తాం, అది తప్పు. పాత తుప్పు పాత చింతపండు రంగు, దాదాపు నలుపు. దాని చుట్టూ బెల్లం రంగు. మామిడి తాండ్ర లాంటి ఆరెంజ్ అంచుల్లో మాత్రం, అదీ కొత్తగా తడి తగిలిన చోటే. ఇంకోటి, చార ఎప్పుడూ ఎక్కడో ఒక బోల్టు దగ్గరో, అతుకు దగ్గరో, కన్నం దగ్గరో మొదలై కిందకి పోతుంది, పైన సన్నగా ముదురుగా ఉండి పోను పోను పలచబడి మాయమవుతుంది. రేకు మధ్యలో ఊరికే పుట్టిన చార ఒక్కటి కూడా కనపడలేదు, వెతికా. గొలుసు రోజూ రాసుకునే చోట తుప్పే లేదు, అద్దంలా మెరుస్తోంది, దాని పక్కన అంగుళం దూరంలో మాత్రం చింతపండే. తాడు లాగే చోట చెక్క నున్నగా చేతికర్రలా అయిపోయింది. పక్క బోటు తగలకుండా వేలాడదీసిన టైర్లు రాసుకుని రాసుకుని నల్లటి అర్ధచంద్రాలు. పొగగొట్టం వెనక వైపు మాత్రమే మసి.

వచ్చేటప్పుడు బీచ్ రోడ్ లో కురుసుర దగ్గర కూడా ఆగా. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన సబ్‌మెరైన్, 2002 నుంచి ఇసకలోనే మ్యూజియం. మ్యూజియం అన్నాక శుభ్రంగా పెయింట్ వేసి చూసుకుంటారు కాబట్టి తుప్పుకి మనకి పెద్దగా పనికిరాలేదు, బజ్జీ తిని వచ్చేశా.

జూన్ 15, ఆదివారం

రోబో రోజు. హెయిర్‌స్ప్రే పద్ధతి.

ముందు రోబో మొత్తానికి తుప్పు రంగు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) లో బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమరంగు) అక్కడక్కడా కలిపి స్పాంజితో అద్దడమే, నున్నగా ఉండకూడదు. ఆరాక దాని మీద వార్నిష్, ఇది మర్చిపోతే తర్వాత రుద్దుడులో తుప్పు కూడా లేచిపోతుంది. దాని మీద మామూలు హెయిర్‌స్ప్రే రెండు కోట్లు, అక్క డ్రెసింగ్ టేబుల్ మీద ఉన్నదే, అడిగే తీసుకున్నా. అది ఆరాక పైన అసలు రంగు, నేను హార్బర్ బోటు నీలం కలిపా. ఇప్పుడు ఒక అరగంటలో తడి బ్రష్ తో అద్ది రుద్దితే నీళ్ళు పై రంగులోంచి దిగి కింద హెయిర్‌స్ప్రేని కరిగిస్తాయి, పై రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి కింద తుప్పు కనపడుతుంది. నిజం పెచ్చులే, బ్రష్ తో ఎంత గీసినా ఆ ఆకారం రాదు.

ఒళ్ళూ కుడికాలూ అద్భుతంగా వచ్చాయి. అంతలో భోజనానికి పిలిచారు, బొమ్మిడాయిల పులుసు, తిన్నాక కునుకు. లేచి వచ్చేసరికి నాలుగైంది, ఎడమకాలు గట్టిపడి కూర్చుంది, ఎంత తడిపినా కదల్లేదు. టూత్‌పిక్ తో గోకితే గోకినట్టే ఉంది, పెచ్చులా లేదు. ఆఖరికి ప్యాకింగ్ స్పాంజి ముక్క చింపి, ముదురు గోధుమరంగులో ముంచి, కాగితం మీద బాగా అద్దేసి, మిగిలిన కొంచెం రంగుతో అంచుల మీద పొడుచుకుంటూ పోయా. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది, కానీ ఎవడు చూస్తాడు. (చిన్నోడు చూశాడు. "మావయ్యా, ఈ కాలు వేరే కదా" అన్నాడు.)

చారలకి ఆయిల్ కలర్. బోల్టుల కింద సూది మొనంత చుక్క పెట్టి, టర్పెంటైన్ లో తడిపి తుడిచేసిన ఫ్లాట్ బ్రష్ తో పైనుంచి కిందకి లాగాలి. ఇక్కడే ఆగి ఆలోచించాల్సొచ్చింది, కిందకి అంటే ఎటు? ఇది కదిలే బొమ్మ. చెయ్యి దింపి ఉన్నప్పుడు చార భుజం నుంచి మణికట్టుకి పోతుంది, చెయ్యి పైకెత్తితే అదే చార ఆకాశానికి కారినట్టు ఉంటుంది. ఏ పోజులో ఎక్కువ నిలబడతాడో ముందే తేల్చుకోవాలి. వీడు చేతులు దింపుకునే ఉంటాడని రాసేసుకున్నా.

అడుగున ఎర్ర దుమ్ము కావాలి. ఎర్రమట్టి దిబ్బల మట్టి అయితే రంగు భలే ఉంటుంది కానీ అది కాపాడుకోవాల్సిన చోటు, అక్కణ్ణించి గుప్పెడు కూడా తేకూడదు. మా వీధి చివర పునాది తవ్వుతున్నారు, ఆ మట్టే కొంచెం అడిగి తెచ్చి, పెనం మీద వేడి చేసి, పాత పంచె గుడ్డలో జల్లించా, పిండిలా వచ్చింది. మా మేడ కిటికీ గట్టు మీద రోజూ పేరుకునే నల్ల దుమ్ము కూడా ఒక సీసాలో పట్టి పెట్టుకున్నా, ఇది కొనాలంటే సీసా వందల్లో ఉంటుంది, మనకి ఫ్రీ.

జూన్ 21, శనివారం

యోగా డే, ప్రధాని ఆర్కే బీచ్ కి వచ్చారు, ఊరంతా అటే ఉంది. నేను ఇంట్లోనే పెయింటర్ పని పట్టుకున్నా.

డ్రెస్సు నేవీ బ్లూ బాయిలర్ సూట్. సీసాలో నీలం ఉన్నది ఉన్నట్టు వేస్తే బొమ్మ మీద నల్లగా కనపడుతుంది, చిన్న సైజులో రంగులన్నీ ముదురుగా అనిపిస్తాయి, అందుకే బూడిద రంగు కలిపి రెండు మెట్లు లేత చేశా. అక్రిలిక్ పలచగా, పాలలా కలుపుకుని మూడు కోట్లు. ఒకేసారి చిక్కగా వేస్తే గుండీలూ మడతలూ పూడిపోతాయి. ఎండ తగిలే భుజాలు, జేబు అంచులు ఇంకా లేత. చంకల్లో, మోచేతి మడతల్లో ముదురు. బ్రష్ లో రంగు దాదాపు లేకుండా తుడిచేసి మడతల మీద అలా అలా ఆడిస్తే ఎత్తుగా ఉన్న చోట మాత్రమే అంటుతుంది, డ్రై బ్రషింగ్ అంటారు, చేతికి అలవాటైతే ఇంతకన్నా సుఖం లేదు, అలవాటు కాకపోతే బొమ్మ మీద సుద్దముక్క అరగదీసినట్టుంటుంది.

మొహానికి రెండు గంటలు పట్టింది. యూట్యూబ్ లో చూపించే స్కిన్ రంగులన్నీ మనవాళ్ళవి కావు. బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్, కొంచెం తెలుపు, నీడలకి అందులోనే అల్ట్రామెరైన్ నీలం బొట్టు, నలుపు అస్సలు కలపలేదు, నలుపు కలిపితే మనిషి జబ్బు చేసినట్టు ఉంటాడు. చెంపలూ ముక్కు పైనా చెవులూ కొంచెం ఎరుపు. కళ్ళల్లో పచ్చి తెలుపు వేస్తే దెయ్యం చూసినోడిలా అవుతాడు, అందుకే మీగడ రంగు, ఇంక కనుపాప పూర్తి గుండ్రంగా కాకుండా పై రెప్ప కిందకి సగం దూరాలి. మూడుసార్లు చెరిపా. ఊపిరి బిగబట్టి, రెండు మోచేతులూ బల్లకి ఆనించి పెడితే నాలుగోసారి కుదిరింది. గడ్డం ఉండే చోట నీలం కలిపిన బూడిద రంగు నీళ్ళలా పలచగా ఒక్క చేయి, పొద్దున గీసుకుని సాయంత్రం అయినట్టు వచ్చింది.

మీసం చూస్తే కొంచెం నాన్నలాగే ఉంది. కావాలని చేయలేదు, అంటే, కొంచెం కావాలనే.

జూన్ 29, ఆదివారం

చెడింది. ఒకటి కాదు, రెండు.

మధ్యాహ్నమంతా మురికి చేశా. నీళ్ళలాంటి గోధుమరంగు వాష్ ఒళ్ళంతా, దాని మీద ఎర్రమట్టి, మీద కిటికీ నలుపు, టూత్‌బ్రష్ తో రెడ్ ఆక్సైడ్ చుక్కలు చిమ్మడం, అబ్బో. ఎంత మురికైతే అంత రియల్ అని నా నమ్మకం. సాయంత్రం ఆరున్నరకి వాన తెరిపివ్వగానే మేడ మీదకి తీసుకెళ్ళి మ్యాట్ వార్నిష్ (మెరుపు లేనిది) స్ప్రే కొట్టా, కీళ్ళ దగ్గర మెత్తటి ముక్కలకి టేప్ చుట్టి మరీ జాగ్రత్తగా. రెండు నిమిషాల్లో బొమ్మ మీద తెల్లటి పొగలాంటి పొర. ఆరితే పోతుందనుకున్నా. ఆరాక ఇంకా తెల్లబడింది. నెల రోజుల పని మీద ముగ్గుపిండి చల్లినట్టు.

సరిగ్గా అప్పుడే నాన్న తడిసిన బట్టలు చూడ్డానికి పైకి వచ్చారు. సర్‌ప్రైజ్ అయిపోయింది. బొమ్మని తీసుకుని కళ్ళజోడు పైకి నెట్టి తిప్పి తిప్పి చూశారు.

"ఎవుడ్రా ఈడు?"

"షిప్‌యార్డ్ పెయింటర్ నాన్నా."

"పెయింటరేటి, గెడ్డలో పడి లెగిసినోడు లాగున్నాడు."

గెడ్డ అంటే మా వైపు కాలువ. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తెల్లటి పొర చూపించి ఇది ఎందుకొచ్చిందో తెలీడం లేదంటే, బొమ్మని వదిలేసి ఆకాశం వైపు చూసి, "తేమెంత?" అన్నారు. ఫోన్ లో చూస్తే 91 శాతం. "85 దాటితే మాకు గన్ను ముట్టుకోనిచ్చేవోరు కాదు, నువ్వు 91లో కొట్టీసేవా" అని అక్కడే పిట్టగోడ మీద కూర్చుని చెప్పుకొచ్చారు. యార్డులో పెయింట్ మొదలెట్టే ముందు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు, మామూలు థర్మామీటరు రెండూ ఉన్న గిలక్కాయ లాంటి దాన్ని గాల్లో తిప్పి తేమ లెక్కకట్టేవారట, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు, ఇంకా ఇనప రేకు వేడి మంచు పట్టే వేడి కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేకపోతే కంటికి కనపడని నీళ్ళ పొర మీద పెయింట్ వేసినట్టే, ఏడాదిలో ఊడి వస్తుంది. నా బొమ్మకి జరిగింది కూడా దాని చుట్టమే, స్ప్రేలో వార్నిష్ ని పలచగా ఉంచే సాల్వెంట్ ఆవిరవుతూ ఒంటిని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ దిగి ఆరుతున్న వార్నిష్ లో ఇరుక్కుని తెల్లబడుతుంది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూ ఈ మాట నేను ఒక్కసారి కూడా అడగలేదు, ఆయన పనికెళ్ళి వచ్చేవారు, నేను హోంవర్క్ చేసుకునేవాణ్ణి, అంతే.

తర్వాత రెండోది. "సరే, ఈడు ఏ పని సేత్తన్నాడు?" అన్నారు. పెయింట్ వేస్తున్నాడు అంటే, "ఎక్కడ? పక్క రేకులకా, అడుగుకా, లోపల ట్యాంకులోనా?" నా దగ్గర జవాబు లేదు.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం ఒంటిగంటన్నర, తేమ 68, ఎండ ఉంది. బొమ్మని ముందు అరగంట ఏసీ గదిలో డ్రై మోడ్ లో ఉంచి, వెంటనే మేడ మీదకి తెచ్చి పెడితే చల్లటి బొమ్మ మీద మళ్ళీ తేమ పడుతుందని నాన్నే గుర్తు చేశారు, అందుకని బయట ఎండలో కాసేపు ఉంచి అప్పుడు కొట్టా. తెల్లపొర మీద ముందు గ్లాసీ వార్నిష్ (మెరిసేది) పలచగా వేస్తే రంగులు నీళ్ళలో ముంచినట్టు తిరిగి వచ్చాయి, ఒక్క ఎడమ చంక కింద కొంచెం పొగ మిగిలింది, అక్కడ ఎవరూ చూడరు. స్ప్రే కొట్టేటప్పుడు ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకున్నా, మామూలు గుడ్డ మాస్కు దుమ్ముకి ఓకే గానీ సాల్వెంట్ ఆవిరిని ఆపదు, ఈ మాట కూడా నాన్నే అన్నారు, కొంచెం గట్టిగా.

ఆ గ్లాసీ పూత ఉన్నప్పుడే పాత మురికి మీద కొత్త నీలం వేసి చాలా వరకు కప్పేశా. మళ్ళీ మొదలు. ఈసారి నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మనవాడు డ్రై డాక్ లో, అంటే నీళ్ళు తోడేసి ఓడని నిలబెట్టే తొట్టిలో, ఓడ అడుగున పనిచేస్తున్నాడని తేల్చాం. అంటే తల మీద ఓడ ఉంది, గన్ను పైకెత్తి కొడుతున్నాడు. కాబట్టి పెయింట్ పైనుంచి కిందకి పడుతుంది, హెల్మెట్ మీదా భుజాల మీదా ముంజేతుల మీదా ఎక్కువ, నడుం కిందకి పోను పోను తక్కువ, హెల్మెట్ చూరు నీడలో మొహం పైభాగం కొంచెం శుభ్రం. మాస్కు పెట్టుకునే చోట చర్మం శుభ్రంగా ఉండి చుట్టూ దుమ్ము. ఇది నేను ఊహించి ఉండేవాణ్ణి కాదు, ముక్కు చుట్టూ ఆ గుండ్రటి గీత వేయగానే మనిషి ఇప్పుడే మాస్కు తీసి టీకి వచ్చినట్టు అయిపోయాడు. కుడి తొడ మీద చెయ్యి తుడుచుకున్న మరక, ఎడమ తొడ మీద లేదు. మోకాళ్ళు నలుపు కాదు, ఇసక రంగు, ఎందుకంటే డాక్ ఫ్లోర్ మీద బ్లాస్టింగ్ (తుప్పు రాల్చడానికి రేకు మీద రేణువులు జోరుగా కొట్టడం) చేసిన రేణువులు ఉంటాయట. వీపు మధ్యలో చెమట ఎండి ఉప్పు తేలిన తెల్లటి అంచు, మ్యాపులో సముద్ర తీరం గీతలా. అంతే, మిగతా ఒళ్ళంతా ఖాళీ. నా చెయ్యి ఊరుకోక కాలర్ మీద మసి పెట్టబోతే "అక్కడికి ఎలగొచ్చింది?" అన్నారు. జవాబు లేక తుడిచేశా.

రంగు విషయంలో పెద్ద చర్చ. నేను రెడ్ ఆక్సైడ్ అంటే ఆయన కాదు, అడుగున ఆఖరి కోటు యాంటీఫౌలింగ్, గుల్లలూ నాచూ పట్టకుండా వేసేది, దాంట్లో ఉండే రాగి ఆక్సైడ్ వల్ల అది కూడా ఎర్రగానే ఉంటుంది కానీ రెడ్ ఆక్సైడ్ కన్నా వేరే ఎరుపు. మూడుసార్లు కలిపించారు. "ఇంకా ఇటిక రంగు తగ్గించు" అంటూ. ఆయన సరే అన్న రంగుకీ అంతకు ముందు రంగుకీ నాకైతే తేడా కనపళ్ళేదు.

చుక్కల సైజు ఇంకో గొడవ. ఇది 1:12 స్కేలు, బొమ్మ మీద ఒక మిల్లీమీటరు చుక్క అంటే అసలు మనిషి మీద 12 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరు కన్నా పెద్దది. టూత్‌బ్రష్ తో చిమ్మినవన్నీ అంతే ఉన్నాయి, మనిషి మీద గుడ్లు విసిరినట్టు. అందుకని రంగు ఇంకా పలచన చేసి, గట్టి బ్రష్ ని అగ్గిపుల్లకి రాసి దూరం నుంచి చిమ్మా, ముందు కాగితం మీద పది సార్లు ప్రాక్టీసు చేసి. ఇసక రేణువుల్లా సన్నగా పడ్డాయి. హెల్మెట్ మీద మాత్రం రెండు పెద్ద చుక్కలు కావాలనే వదిలా, పైనుంచి కారినవి.

గన్ను చూసి నాన్న మెచ్చుకున్నారు, కానీ పెయింటర్ దగ్గర బ్రష్ ఏదని అడిగారు. గన్ను ఉండగా బ్రష్ ఎందుకంటే, ముందు అంచులకీ వెల్డింగ్ అతుకులకీ కన్నాలకీ బ్రష్ తో ఒక కోటు వేశాకే మొత్తానికి గన్ను కొడతారట, స్ట్రైప్ కోటు. ఎందుకంటే తడి పెయింట్ వాడి అంచు మీద నిలబడదు, రెండు పక్కలకీ జారిపోతుంది, అక్కడ పొర పలచబడి తుప్పు అక్కడే మొదలవుతుంది. నేను హార్బర్ లో అంచులే ముందు తినేస్తున్నాయని 140 ఫొటోలు తీసి వచ్చా గానీ ఎందుకో తెలీదు. రోబో కాళ్ళ అంచుల మీద ఆ పొడుచుడంతా ఊరికే పోలేదన్నమాట.

సాయంత్రం అగ్గిపుల్ల చెక్కి, నా పాత పెయింట్ బ్రష్ లోంచి నాలుగు వెంట్రుకలు కోసి, ఫెవిక్విక్ తో అతికించి చిన్న బ్రష్ చేశా. వెనక జేబులో పెట్టా. పిడి మీద ఎరుపు, వెంట్రుకల మొదట్లో ఎండిపోయిన పెయింట్ గడ్డ.

జూలై 13, ఆదివారం

ఆఖరి మ్యాట్ కోటు మధ్యాహ్నం రెండింటికి, తేమ 70. తెల్లబడలేదు. సేఫ్టీ హెల్మెట్ అంచుకి మెత్తటి పెన్సిల్ తో చిన్న మెరుపు, బూట్ల ముక్కుకి పుల్లతో కొంచెం ఇసక రంగు దుమ్ము, పలచటి మ్యాట్ మీడియంతో అంటించి. అయిపోయింది. నాన్న తీసుకెళ్ళి హాల్లో టీవీ పక్కన పెట్టారు, ఇంటికి వచ్చిన ఆయన పాత ఫ్రెండుకి చూపిస్తే ఆయన ముందు మాస్కు గీతని చూసి నవ్వారు, తర్వాత బూట్ల లేసులు కట్టుకోలేదని తప్పు పట్టారు. లేసులు అచ్చులోనే అలా ఉన్నాయండీ అని చెప్పా, ఒప్పుకోలేదు.

రోబోని చిన్నోడికి ఇచ్చేశా. ముందు వాడికి నచ్చలేదు, "కొత్త బొమ్మని ఎందుకు పాత చేశావ్ మావయ్యా" అని మొహం ముడుచుకున్నాడు, తర్వాత తాతయ్య అది సముద్రంలో మునిగి తేలిందని ఏదో కథ చెప్పేసరికి పట్టుకుపోయాడు. పావుగంట తర్వాత చూస్తే మోకాళ్ళ దగ్గర నీలం గీసుకుపోయి కింద బూడిద ప్లాస్టిక్ బయటపడింది, నేను సాండ్‌పేపర్ పెట్టకుండా వదిలేసిన కీలు. అయ్యో అని బ్రష్ తీశా సరిచేద్దామని. నాన్న దాన్ని తీసుకుని మోకాలు రెండుసార్లు వంచి చూసి, "అక్కడే కదా పోవాలి, ఒదిలీ" అన్నారు.

బ్రష్ కడిగి పెట్టేశా.